గీత వచ్చే గది

ఆ ఆసుపత్రిలో ఏ ఆయానైనా అడిగి చూడండి. లిఫ్టులో అన్నిటికన్నా కింది బటన్ నొక్కమంటే చచ్చినా నొక్కదు. "అక్కడ గీత ఉంటుంది బాబూ," అంటుంది. అదీ గొంతు తగ్గించి అంటుంది.

గీత ఎవరంటే మాత్రం నోటికో కథ. కాన్పుకొచ్చి తిరిగి వెళ్ళని మనిషని ఒకరంటారు. కాదు, స్కానింగులో పనిచేసిన పిల్లేనని ఇంకొకరు. జుట్టు విరబోసుకుని వస్తుందని ఒక నర్సు చెబితే, చక్కగా జడ వేసుకునే వస్తుందని ఇంకో నర్సు పోట్లాడింది. దుప్పట్లు ఉతికేవాడైతే ఆవిడ నవ్వు చెవులారా విన్నానని ఒట్టేశాడు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే... వచ్చేది రాత్రిపూట. వచ్చిందంటే పైన పనులు ఆగిపోతాయి.

నేను లిఫ్టులు బాగుచేసుకునే మనిషిని. దెయ్యాల్నీ గియ్యాల్నీ నమ్మను. కానీ ఆ అంతస్తులో లిఫ్టు ఆగిందంటే తలుపు తెరుచుకునే లోపే మూసే బటన్ మీద వేలు పెట్టుకుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం.

ఇదంతా నాకు చెప్పింది మా బావమరిది. నా భార్యకి తమ్ముడు. వాడికి అబద్ధం ఆడ్డం చేతకాదు, ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఇది చెప్పినంతసేపూ వాడి చెవులు మామూలుగానే ఉన్నాయి. నాకు భయం వేసింది అందుకే.

బట్టలుతికే గది దాటి, సగం దీపాలు వెలగని వరండా చివర ఒక ఇనప తలుపు. లోపల ఎముకలు కొరికే చలి. బీరువా అంత మిషను ఒకటి, ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది. సర్వర్ అంటారు. ఆసుపత్రిలో తీసిన ప్రతి ఎక్స్‌రే, ప్రతి స్కానింగూ దాని కడుపులోనే. ఏ డాక్టరు ఎక్కడ కూర్చుని బొమ్మ తెరిచినా అది ఇక్కణ్ణించి తీగల్లో పాకుతూ వెళ్ళాల్సిందే.

మా వాడి పని దాని నాడి చూడటం. ఎదురుగా ఒక తెర. ఎవరు అడుగుతున్నారు, ఎంత అడుగుతున్నారు, అడిగినవాళ్ళు ఎంతసేపు కాచుకుంటున్నారు... అన్నీ అందులో పడతాయి. తాజా లెక్క కావాలంటే ఒక మీట నొక్కాలి. రాత్రంతా కూర్చుని అది చూడాలి.

వాడికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి అందరూ పుల్ల అనేవాళ్ళు. ఉన్నట్టుండి మానేశాడు. తాళం చేతికిస్తూ గుసగుసగా అన్నాడట —

"గీత వస్తుంది. కంగారుపడకు. చూడు... కానీ ఎక్కువ చూడకు."

"ఏం?"

"మనం చూస్తున్నామని దానికి తెలుస్తుంది."

ఇంకేమీ అడగనివ్వకుండా వెళ్ళిపోయాడు పుల్ల. తన కాఫీ కప్పు కూడా అక్కడే వదిలేశాడు.

మొదటి రాత్రి మా వాడు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. తెర మీద ఒక జాబితా ఉంటుంది. మిషన్ని ఎవరు ఎక్కువ వాడుకుంటుంటే వాళ్ళ పేరు పైకెక్కుతుంది. ఎమర్జెన్సీ, స్కానింగు, ఆపరేషన్ థియేటరు — వరసకో పేరు. ఊరు సద్దుమణిగింది. మా వాడు మీట నొక్కాడు. అందరినీ తోసుకుంటూ ఒక కొత్త వరస పైకొచ్చింది.

పేరుండాల్సిన చోట పేరు లేదు. ఒక గీత ఉంది.

—

అంతే. అడ్డగీత.

"ఓసి నీ దుంప తెగ! గీతంటే గీతేనా!" అని పగలబడి నవ్వాడట మా వాడు. పుల్ల పై వార్డులకి ఫోన్ చేసి "గీత వచ్చింది, కాసేపు ఆగండి" అని చెప్పేవాడు. విన్నవాళ్ళు ఆ గీతకి ఒళ్ళు పెట్టి, చీర కట్టి, జుట్టు కూడా విరబోశారు! పుల్ల కూడా మొదటి రాత్రి ఇలాగే నవ్వి ఉంటాడు. దుప్పట్లవాడు విన్నది ఆ నవ్వే కాబోలు.

తర్వాత వాడి నవ్వు దానంతటదే ఆగిపోయింది.

ఎందుకంటే పేరు లేని ఆ గీత ఏం చేస్తోందో కనబడింది. బొమ్మలు తెరవట్లేదు. దేన్నీ చెరపట్లేదు. మొదటి రోగి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరి కాగితం, ఒక్కొక్కరి బొమ్మ... తాకుతూ వెళ్తోంది. నయమై వెళ్ళినవాళ్ళవీ, వెళ్ళిపోయినవాళ్ళవీ. ఎవరినో వెతుక్కుంటున్నట్టు...

మా వాడు మీట నొక్కాడు. గీత కింద ఇంకో గీత.

మళ్ళీ నొక్కాడు. మూడోది.

వాడికి ముచ్చెమటలు పట్టాయి. ఆ చలిలో! లేచి వరండాలోకి పారిపోయాడు. దీపం కింద నిలబడి, ధైర్యం కూడదీసుకుని తిరిగొచ్చేసరికి ఒక్క గీతా లేదు. ఎమర్జెన్సీ, స్కానింగు — అందరూ బుద్ధిగా ఎవరి చోట వాళ్ళున్నారు.

పగటివాళ్ళకి చెబితే నవ్వారు. వాళ్ళకి కనబడితే కదా! పొద్దున వచ్చి ఒకసారి చూసి, బాగానే ఉందనుకుని, వాళ్ళ పనుల్లో పడిపోతారు. రోజంతా ఆ తెర వంక చూసే తీరిక ఎవరికుంది? "నిద్రమత్తురా నీకు," అన్నారు. మా వాడు మాత్రం రాత్రి రాత్రికీ కళ్ళు ఇంకా పెద్దవి చేసుకుని చూశాడు. ఎంత చూస్తే అన్ని గీతలు.

అదిగో, అలా ఉండగా ఒక రాత్రి...

వాడికో కూతురు. మేమందరం పిచ్చుక అంటాం. ఒకచోట కాలు నిలవదు, నోరు అసలే నిలవదు. ఆ పిల్ల మెట్ల మీంచి పడింది. కాసేపు ఏడ్చిందట, తర్వాత వాంతి చేసుకుందట, తర్వాత నిద్రొస్తోందని అమ్మ ఒళ్ళో తల పెట్టిందట. ఆ నిద్ర చూసే మా చెల్లెమ్మకి — అదే, మా వాడి భార్యకి — గుండె జారిపోయింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

అప్పటిదాకా మీట నొక్కుతూ కూర్చున్న మా వాడు, కబురు అందగానే పైకి ఉరికాడు. పిల్ల తల స్కానింగు తీశారు. మెదడు డాక్టరు ఇంటి దగ్గర ఉన్నాడు. అక్కణ్ణించే బొమ్మలు తెరిచి చూసి, తల తెరవాలా వద్దా ఆయనే చెప్పాలి. ఆయన చెప్పందే ఇక్కడ ఎవరూ కత్తి పట్టరు.

బొమ్మలు తెరుచుకోవట్లేదు.

స్కానింగు చేసేవాడు మా వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, నువ్విక్కడ నిలబడి చేసేదేముంది? కిందికెళ్ళు. నీ మిషను సంగతి చూడు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కన్నతండ్రి, కూతురి పక్కన నిలబడే వీలు కూడా లేదు. మెట్లు నాలుగేసి దూకుతూ కిందికొచ్చి పడ్డాడు.

మీట నొక్కాడు. జాబితాలో అన్నిటికన్నా పైన —

గీత.

"ఈ రాత్రి వద్దు," అన్నాడట, పైకే. మళ్ళీ నొక్కాడు. రెండు గీతలు. కాచుకునే సమయం పెరుగుతోంది. నొక్కాడు... తగ్గిందేమోనని. ఇంకా పెరిగింది. నొక్కాడు. బీరువా లోపల రుబ్బురోలు తిరుగుతున్నట్టు చప్పుడు.

ఫోన్ మోగింది. స్కానింగువాడు. "డాక్టరుగారికి ఇంకా రాలేదన్నా. చక్రం తిరుగుతూనే ఉందట."

"వస్తుంది. చూస్తున్నా... చూస్తూనే ఉన్నా."

ఏం చెయ్యాలి? కట్టేద్దామంటే పిల్ల బొమ్మలు అందులోనే ఉన్నాయి. ఆ గీతని పట్టుకుందామంటే దానికి పేరు లేదు, ఊరు లేదు. చూడ్డానికి కళ్ళున్నాయి గానీ చెయ్యడానికి చేతులు లేవు వాడికి. ఉన్నదల్లా ఒక్క మీట. అదే నొక్కాడు. గీత కింద గీత, గీత కింద గీత... తెర నిండిపోయింది. ఎమర్జెన్సీ అన్న పేరు కిందికి జరిగి జరిగి, తెర అంచు దాటి మాయమైపోయింది. తన కూతురే జారిపోయినట్టు అనిపించింది వాడికి.

అప్పుడు తెరకి దణ్ణం పెట్టాడట. చదువుకున్నవాడు, మిషన్లతో బతికేవాడు.

"తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా. ఎవరిని వెతుకుతున్నావో చెప్పు, నేను వెతికి పెడతా. నా బిడ్డని వదిలెయ్."

నొక్కాడు. గీతలు కదల్లేదు.

మళ్ళీ ఫోన్. ఈసారి చెల్లెమ్మ. ఆవిడ గొంతు వినబడీ వినబడకుండా ఉంది. "ఏమండీ... పిలిస్తే పలకట్లేదండీ."

రిసీవరు పెట్టేసి నొక్కాడు, నొక్కాడు, వేలు నొప్పెట్టేదాకా నొక్కాడు. తర్వాత ఇక చూడలేకపోయాడు. చలికి వేసుకున్న స్వెటరు విప్పి తెర మీద కప్పేశాడు. నేల మీద కూలబడి, మోకాళ్ళలో తల దూర్చి, చెవులు మూసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాలాసేపు... ఎంతసేపో వాడికి తెలీదు.

చెవుల మీంచి చేతులు తీసేసరికి, ఆ రుబ్బుడు చప్పుడు లేదు. మామూలు గుర్రు ఉంది. ఫోన్ మోగుతోంది. ఎత్తాడు.

"తెరుచుకుందన్నా! డాక్టరుగారు చూశారు. లోపల నెత్తురు గడ్డ కట్టింది. బయల్దేరి వస్తున్నారు. పాపని థియేటర్లోకి తీసుకెళ్తున్నాం."

తెల్లారేసరికి పిల్ల కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. గీతకి జాలి కలిగిందని నర్సులు చెంపలు వేసుకున్నారు. ఒకావిడైతే కన్నతల్లి కాకపోతే కరగదంది.

ఆ పొద్దున్నే మిషన్లు బాగుచేసే పెద్దావిడ వచ్చింది. మా వాడు మొదట్నించీ చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ మీట ఎంతసేపటికోసారి నొక్కావు నాయనా?"

"ఎంతసేపటికేంటమ్మా... వేలు తీస్తేగా."

ఆవిడ బీరువా వెనక్కి చెయ్యి పోనిచ్చి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి లాగింది. నిండా దుమ్ము. పేరు చీటీ లేదు. ఎవడో ఎప్పుడో పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"ఈ తెరకి లెక్కలు తెచ్చిపెట్టేది ఇదే," అంది. "నువ్వు మీట నొక్కినప్పుడల్లా ఇది లోపలికెళ్ళి ఉన్న ఫైళ్ళన్నీ మొదట్నించీ లెక్కపెట్టుకొస్తుంది. దీనికి పేరు పెట్టలేదు, అందుకని గీత. ఆ లెక్క తేలక ముందే నువ్వు మళ్ళీ అడిగితే, మళ్ళీ మొదట్నించీ ఇంకోటి బయల్దేరుతుంది. అది ఎవరినీ వెతకట్లేదు నాయనా. నువ్వు అడిగావని లెక్కపెడుతోంది."

మా వాడు ఆ పెట్టె వంక చూశాడు. "అంటే గీత..."

"నువ్వే," అంది పెద్దావిడ. ఆ మాట అన్నందుకు ఆవిడే బాధపడి, వాడికి నీళ్ళిచ్చింది.

పెట్టె తీసేశారు. ఇప్పుడా గదిలో ఎవరూ కూర్చోరు. అయినా ఆయాలు మాత్రం ఇప్పటికీ ఆ బటన్ నొక్కరు. "గీత వెళ్ళిపోయిందటగా! మరి ఎక్కడికెళ్ళిందో?" అంటారు. వాళ్ళతో ఎవరు వాదిస్తారు?

ఇదంతా వాడు నాకు చెప్పింది వాళ్ళింట్లో, ముందు గదిలో, దీపం తగ్గించుకుని. లోపల పిచ్చుక నిద్రపోతోంది. పిల్ల బాగానే ఉంది, మాటలు మళ్ళీ పుట్టలు పుట్టలుగా వస్తున్నాయి. ఎడమ చెయ్యి ఒక్కటే ఇంకా మాట వినడం లేదు. గ్లాసు పట్టుకోమంటే వేళ్ళు ముడుచుకోవు. దెబ్బ వల్లో, ఆలస్యం వల్లో డాక్టర్లు చెప్పలేమన్నారట.

వాడి మొహం చూళ్ళేక నేనే ఏదో వాగాను. "నిద్రపోయే పిల్లల్ని అదేపనిగా చూడకూడదు, దిష్టి తగులుతుందని మీ అక్క ఇప్పటికీ అంటుంది కదరా! నువ్వు పోయి పోయి మిషనుకి దిష్టి పెట్టావు."

వాడు నవ్వలేదు. నా నోటి మీద నాకే అసహ్యం వేసింది.

"మొదటిసారి ఊరుకుని ఉంటే... ఎంత ముందు తెరుచుకునేది బావా?"

దానికి జవాబుంటే నా ప్రాణం పోయినా ఇచ్చేవాణ్ణి.

అప్పుడే లోపల్నించి చెల్లెమ్మ పిలిచింది, పిల్ల లేవకుండా గుసగుసగా. "ఏమండీ... తొందరగా రండి. నిద్రలో ఎడమ చేతి వేళ్ళు కదుపుతోంది. నా వేలు పట్టుకుంది. వచ్చి చూడండి!"

నేను ఒక్క ఉదుటున లేచాను. వాడూ లేచాడు. గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగి, గోడకి వీపు ఆనించి, వీధి వైపు మొహం తిప్పుకుని నిలబడిపోయాడు.

"నువ్వెళ్ళి చూడు బావా," అన్నాడు. "నేను చూస్తే ఆగిపోతుంది."