వాచీ రాసుకున్న చోటు

ముందుగదిలో కొడుకు కరెంటు పనులు మొదలుపెట్టిన నాటి నుంచి ఆవిడకు గుండె దడే. వాడు చెక్కతో చేస్తున్నది పూర్వం గేమ్ పార్లర్లలో నిలువెత్తున ఉండే వీడియోగేమ్ మిషన్ అట. ఆవిడ కంటికి మాత్రం బీరువా అంత షాకు.

దానికి పాత పిక్చర్ ట్యూబు బిగించడానికి టీవీ మెకానిక్ వచ్చింది. అమ్మాయి! కుడిచేతికి స్టీలు వాచీ, నోట్లో టెస్టరు.

"ఎన్నేళ్ళ నాటిదండీ?"

"ముప్పై," అన్నాడు వాడు. పాత మిషన్ల ప్రదర్శనకి ఫారంలోనూ అలాగే రాశాడు మరి. రంపంపొట్టు ఇంకా చెవి మీదే ఉంది.

ఆ అమ్మాయి వంగి చూసింది. "మణికట్టు ఆనేది బటన్ల కింద. మీ మిషన్‌కి పెయింట్ బటన్ల పైన అరిగింది. ముప్పై ఏళ్ళూ తలకిందులుగా వేలాడుతూ ఆడారా?"

"పాతదానిలా కనబడాలని గరుకు కాగితంతో రుద్దాడమ్మా. టీ నీళ్ళు కూడా పూశాడు," అనేసింది ఆవిడ.

"అమ్మా!"

"దొంగసాక్ష్యమని పోలీసులొస్తే?"

ఆ అమ్మాయి పడీపడీ నవ్వి, ట్యూబు బిగించి వెళ్ళిపోయింది. ఇంత పరువు పోయాక ఈ పిల్ల మళ్ళీ గడప తొక్కదు, వీడికిక పెళ్ళి కాదని ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడే తెర మీద బొమ్మ గిరగిరా తిరిగింది. ఆ అమ్మాయి వచ్చింది. బాగుచేసి, 'టెస్టింగ్' అంటూ గంటసేపు ఆడింది. ఆ మర్నాడూ అంతే. రెండు నెలలు అదే వరస.

"ట్యూబు పాతదండీ, అంతే," అనేది. వాడు బుద్ధిగా తల ఊపేవాడు.

ప్రదర్శన ముందురోజు ఆ అమ్మాయి వచ్చేసరికి మిషన్ కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. పైన చీటీ: 'ఇంట్లో చేసింది. ఈ ఏడాదే.' బటన్ల కింద మాత్రం రూపాయంత చోట చెక్క కనబడుతోంది.

"ఇక్కడ వెయ్యలేదేం?"

"అది మీ వాచీ రాసుకుని అరిగింది." వాడు నేల చూశాడు. "మొత్తం మిషన్‌లో నేను రుద్దకుండా అరిగింది అదొక్కటే. పోగొట్టుకోవాలని లేదు. మిమ్మల్ని కూడా."

ఆ అమ్మాయి చేతిలోంచి టెస్టరు జారిపోయింది. ఆవిడకి కంగారు పుట్టింది. కాదంటుందేమో! ఇక దాచుకోలేకపోయింది.

"చూడమ్మా, రోజూ వెళ్ళేముందు నువ్వు వెనకాల ఆ పచ్చ వైరు వదులు చెయ్యడం నేను చూస్తూనే ఉన్నాను."

కొడుకు నోరు తెరిచాడు. ఆ అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది.

"ఆంటీ..."

"షాకు కొడుతుందే తల్లీ! ఇకనుంచి వైరు ముట్టుకోకు. ఊరికే రా."