మొహమాట మాపకం

విజయనగరంలో తలుపులకు గడియలు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. 2081లో తలుపు తెరుచుకోవాలన్నా, బస్సు ఎక్కాలన్నా, లిఫ్టు కదలాలన్నా నోటితో చెప్పాల్సిందే. చెప్పడానికి రెండు సెకన్లు గడువు. ఆలోగా మాట పూర్తికాకపోతే "ఆదేశం అర్థం కాలేదు" అని వినయంగా పలికి యంత్రం తన దారిన తాను పోతుంది. వినయానికేం లోటు లేదు, ఆగడమే దానికి చేతకాదు.

ఆ ఉదయం పైడిరాజు కూతురు సౌగంధిని బడి బస్సు మళ్లీ వదిలేసి పోయింది. పిల్లకు తొమ్మిదేళ్లు, మాట తడబడుతుంది. తన పేరు చెప్పబోయి "సౌ... సౌ..." అంటుండగానే రెండు సెకన్లూ అయిపోయాయి. వారంలో ఇది మూడోసారి. ఏడుస్తున్న పిల్లను నడిపించుకుంటూ బడిలో దింపి, చెమటలు కక్కుకుంటూ పైడిరాజు 'సుఖవాసి' గృహోపకరణాల సంస్థ శిక్షణ కేంద్రానికి చేరేసరికి గంట ఆలస్యమైంది.

ఆ కేంద్రం సంగతి కాస్త చెప్పాలి. కొత్త వస్తువుల ఆలోచనలన్నీ యంత్రాలే చేసిపెడతాయని జనం చాలాకాలం నమ్మారు. చేశాయి కూడా, నిమిషానికి వెయ్యి చొప్పున. ఒక్కటీ ఎవరికీ అక్కరకు రాలేదు. యంత్రానికి ఏ లోటూ ఉండదు కదా, మనిషికి ఏం కావాలో దానికెలా తెలుస్తుంది? ఆకలి ఎరగనివాడు వంటకు దిగినట్టే. అందుకని ముగ్గురేసి మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంటింటికీ పనికొచ్చే వస్తువు ఒకటి తొంభై రోజుల్లో ఆలోచించమనేవారు. ఆ వస్తువు ముగ్గురికీ ఇష్టమై ఉండాలి. గట్టెక్కితే ముగ్గురికీ ఉద్యోగం ఖాయం, లేకపోతే ముగ్గురూ ఇంటికే. ఓడరేవులో క్రేన్ నడిపే పని పోయాక పైడిరాజుకి ఇది మూడో శిక్షణ. నాలుగోది ఎవరికీ ఇవ్వరు.

ఆ రోజు ఎనభై ఆరోది.

గది గోడ మీద నలభై ఒక్క చీటీలున్నాయి. ఒక్కో చీటీ మీద ఒక్కో వస్తువు పేరు, దాని కింద "బాగుంది" అని మూడుసార్లు. వచ్చిన చిక్కల్లా అదే. ఎవరు ఏం చెప్పినా మిగతా ఇద్దరూ బాగుందనేవారు. గౌరీశం మాస్టారు పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన్ను కాదనకూడదు. నీలోఫర్ గుంటూరు పిల్ల, నిన్నగాక మొన్న కెమిస్ట్రీ చదువు ముగించుకొచ్చింది, నొప్పించకూడదు. పైడిరాజు నోట్లో నాలుక లేని మనిషి, అయ్యో పాపం అనిపిస్తుంది. అన్నీ బాగున్నాక ఇక తేల్చేదేముంది?

నలభై రెండో చీటీ పైడిరాజు చొక్కా జేబులో ఉంది. ఆరో రోజునే రాశాడు. చదవబోతుంటే మాస్టారు గొంతు సవరించుకున్నారు. పెద్దాయన ముందు మాట్లాడనీ అని ఆగాడు. ఆ తర్వాత, మా ఇంటి గోడు వీళ్లకెందుకులే అనిపించింది. మడతల దగ్గర నలిగిపోయిన ఆ చీటీని రోజుకు పదిసార్లు తడుముకుంటున్నాడు.

"ఇంక నాలుగు రోజులే ఉంది," నీలోఫర్ కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచింది. "నాకు అన్నం కూడా సయించట్లేదు సార్."

"మొహమాటానికి పోతే..." అని సామెత ఎత్తుకున్న మాస్టారు, ఎదురుగా ఆడపిల్ల ఉందని గుర్తొచ్చి మిగతా సగం మింగేశారు. విసుగ్గా చీటీల వైపు చెయ్యి విసిరి, "అసలు మన మొహమాటం కొలిచే యంత్రం ఒకటుంటే పీడా పోయేది," అన్నారు.

అది ఆలోచన కాదు, ఒట్టి విసుగు. కాని నీలోఫర్ ఆయన ముఖంలోకి చూసి, "చాలా బాగుంది సార్," అంది.

"ఇదేదో బాగుందండీ మాస్టారూ," అన్నాడు పైడిరాజు.

చిన్నవాళ్లిద్దరూ అంత ముచ్చటపడుతుంటే వేళాకోళానికి అన్నానని ఎలా చెప్పడం? మాస్టారు గడ్డం నిమురుకుని, "ఆఁ, బాగానే ఉంటుంది మరి," అన్నారు.

"తయారుచేయమంటారా?" గోడలోంచి సూత్రి అడిగింది. సూత్రి ఆ కేంద్రం యంత్రం. సొంతంగా ఏదీ ఆలోచించదు, చెప్పింది చేసిపెడుతుంది. "ముగ్గురికీ ఇష్టమేనా?"

"ఇష్టమే," అన్నారు ముగ్గురూ.

మూడు రోజుల్లో మొహమాట మాపకం సిద్ధమైంది. రూపాయి బిళ్లంత సెన్సర్, దానికి జోడుగా గడియారం లాంటి డయలు. సున్నా నుంచి వంద దాకా అంకెలు, ఒక ముల్లు. బిళ్లను గొంతుకు అంటించుకోవాలి. మనిషి 'ఔను' అనేముందు ఒక్కోసారి గొంతులో 'కాదు' మొదలవుతుంది. స్వరతంత్రులు దానికి సిద్ధమవుతాయి, అంతలో మర్యాద అడ్డొచ్చి ఆ మాటను మింగిస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు జరిగే ఆ మింగుడును సెన్సర్ పట్టుకుంటుంది, డయలు కొలిచి చూపిస్తుంది. మింగిన మాటేమిటో అది చెప్పలేదు. మింగారని మాత్రం చెబుతుంది.

తొంభయ్యో రోజు శిక్షణాధికారి వకుళ పరీక్షకు వచ్చారు. మాపకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిళ్లను మాస్టారికిచ్చారు.

"ఈ వస్తువు మీకిష్టమేనా మాస్టారూ?"

"సంపూర్ణంగా."

ముల్లు తొంభై ఆరు దగ్గర ఆగింది. బిళ్ల నీలోఫర్ గొంతుకు మారింది, తొంభై ఒకటి. పైడిరాజుకు మారింది, తొంభై మూడు. ముగ్గురూ తలలు దించుకున్నారు.

"మాపకం చక్కగా పనిచేస్తోంది," అని సూత్రి సంతోషంగా ప్రకటించింది.

వకుళ నుదురు నొక్కుకున్నారు. "అంటే ఇది మీలో ఒక్కరికీ అక్కర్లేదన్నమాట. ఇలాంటిది నేను పైకి పంపలేను. సాయంత్రంతో మీ గడువు సరి. వేరే ఏమైనా ఉందా?"

"ఏటీ లేదండి," అన్నాడు పైడిరాజు. బిళ్ల ఇంకా అతని గొంతుకే ఉంది. ముల్లు గిర్రున తిరిగి వంద దగ్గర టకటకా కొట్టుకోసాగింది.

"చెప్పు రాజన్నా," అంది నీలోఫర్ మెల్లగా. "ఏదో ఉంది కదా."

పైడిరాజు చీటీ తీశాడు. మడతలు విప్పాడు. "మా పాపకి మాట తడబడతాదండి. అది చెప్పేలోగా బస్సెల్లిపోతాది, తలుపు మూసుకుపోతాది. చేతిలో పట్టుకునే చిన్న పిడి ఒకటుండాలండి. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపూ ఎదరున్న యంత్రం ఆగాల. అంతే. ఆగుపిడి అని రాసుకున్నాను. ముసిలోళ్లకీ పనికొస్తాది, జొరమొచ్చినోళ్లకీ పనికొస్తాది." చీటీ మళ్లీ మడిచాడు. "ఆరో రోజే చెప్పాల్సిందండి. నా కూతురు రోడ్డు మీద నిలబడి ఏడుస్తుంటే, నేనిక్కడ బాగుంది బాగుంది అంటూ కూర్చున్నాను."

మాస్టారు లేచి బిళ్ల తానే తీసి పెట్టుకున్నారు. "నాకిష్టం," అన్నారు. ముల్లు సున్నా మీంచి కదల్లేదు.

"ఇష్టమే కాని పిడి వద్దన్నా," అంది నీలోఫర్ తన వంతు రాగానే. "పిల్లలు పారేసుకుంటారు. ఉంగరం చేద్దాం."

తొంభై రోజుల్లో ఆ గదిలో వినిపించిన మొదటి 'వద్దు' అది. ముల్లు సున్నా దగ్గరే ఉంది. పైడిరాజుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఏదీ, నేనూ చూస్తాను," అని వకుళ బిళ్లను సరదాగా గొంతుకు అంటించుకున్నారు. "చాలా మంచి ఆలోచన. మన సంస్థ దీన్ని తప్పకుండా తయారుచేస్తుంది."

ముల్లు తొంభై నాలుగు.

డయలు ఆవిడకు కనపడే వైపు లేదు. మిగతా ముగ్గురూ చూశారు. మాస్టారు కిటికీ వైపు చూపు తిప్పుకున్నారు. నీలోఫర్ గోళ్లు కొరుక్కుంది. పెద్ద అధికారిణి నోరారా మెచ్చుకుంటుంటే మీరు మనసులో వేరే అనుకుంటున్నారని ఎవరంటారు? "థాంక్సండి," అనేసి ఇంటికి పోవడమే తేలిక. పైడిరాజు నోటిదాకా ఆ మాటే వచ్చింది. కాని ఇంట్లో సౌగంధి ఉంది, రేపు ఉదయం మళ్లీ ఆ బస్సుంది.

"మేడమ్, ఆ ముల్లు ఒకసారి చూడండి," అన్నాడు.

ఆవిడ చూశారు. ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి ఆగిపోయారు.

"ఏం మింగారో చెప్పండమ్మా. ఎంతసేపైనా ఆగుతాం," అన్నాడు పైడిరాజు.

చాలాసేపే పట్టింది. "ఊళ్లో యంత్రాలన్నిటికీ మాట వినే పరికరం మన సంస్థదే, దానికి ఆ రెండు సెకన్ల గడువు పెట్టింది మా అధ్యక్షులవారే," అన్నారు వకుళ చివరికి. "పదో అంతస్తులో ఉంటారు. మీ వస్తువు ఇస్తే, మీరు చేసింది తప్పండీ అని ఆయన ముఖం మీద చెప్పినట్టే. చెప్పాల్సింది నేను. ఇరవై ఏళ్లుగా ఆయన ఏమన్నా బాగుందనే అన్నాను. చీటీని ఏ సొరుగులోనో పడేద్దామనుకున్నాను."

ముల్లు సున్నాకి దిగింది.

ఆవిడ బిళ్ల పీకి బల్ల మీద పెట్టి, చీర సర్దుకుని, గదిలోంచి విసురుగా బయటికి నడిచారు. ముగ్గురూ వెనకాలే వెళ్లారు. లిఫ్టు తెరుచుకుంది. "ఏ అంతస్తు?" అని అడిగింది.

"ప..." అన్నారు వకుళ. పెదవులు తడుపుకున్నారు. "ప..."

"ఆదేశం అర్థం కాలేదు," అని లిఫ్టు తలుపులు మూసుకుని ఎటో వెళ్లిపోయింది.

వకుళ ఆ మూసిన తలుపుల ముందు కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచారు.

"ఆ చీటీ ఇటివ్వండి. ఇక్కడ మెట్లెక్కడున్నాయి?"

"అటు పక్కనండి," అన్నాడు పైడిరాజు.

నలుగురూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆరో అంతస్తు దగ్గర మాస్టారికి ఆయాసం వచ్చింది. మిగతా ముగ్గురూ ఆగారు.