డేగ ఎవర్ని చూస్తోంది?

"సెజిమ్, డేగ రెక్కకి ఇంకాస్త నల్ల ఉన్ని కావాలే!" అని అరిచింది అసెల్.

నారిన్ ఊరి బడిలో ఐదో తరగతి గది నిండా ఉన్ని ముక్కలే. ఎల్లుండే కొత్త సంవత్సరం పండగ నౌరూజ్ ఊరేగింపు. ఒక్కో తరగతి ఒక్కో జెండాతో నడవాలి. వీళ్ల జెండా మీద ఉన్ని ముక్కలతో కుడుతున్న డేగ బొమ్మ. దాన్ని గీసింది తనేనని సెజిమ్ అందరికీ చెప్పింది. గీసినవాళ్లే జెండా పట్టుకుని ముందు నడవాలని చోల్పోన్ టీచర్ అన్నారు. పూల కుండీ గీస్తే బూటులా వచ్చే సెజిమ్‌కి ఇక కాలు నేల మీద నిలవడం లేదు.

నిజానికి ఆ బొమ్మ ఇంటర్నెట్‌లో దొరికింది. మూలన ఎవరిదో పేరుంటే, ఆ మూల కత్తిరించేసి తెచ్చింది.

టీచర్ కొడుకు తైలాక్‌కి నాలుగేళ్లు. వాడు జెండా ముందు చతికిలబడ్డాడు.

"ఈ డేగ ఎవర్ని చూస్తోంది?"

"ఆకాశాన్ని," అంది సెజిమ్.

"కిందికి చూస్తోందిగా! ఆకాశం పైనుంటుంది!"

అందరూ పకపకా నవ్వారు. "గీసింది నువ్వేగా, చెప్పవే," అంది అసెల్. సెజిమ్ నల్ల ఉన్ని వెతుకుతున్నట్టు పక్కకి తిరిగింది.

ఇంటికెళ్లగానే నాన్న ఫోన్‌లో అసలు బొమ్మ తెరిచింది. వేళ్లతో పెద్దది చేసి చూసింది. తను కోసేసిన మూలలో, పేరు పక్కనే, ఒక బుల్లి కుందేలు! అది పారిపోవడం లేదు. నిటారుగా నిలబడి, ముందు కాలెత్తి డేగనే బెదిరిస్తోంది.

సెజిమ్‌కి పక్కుమని నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంత మంచి బొమ్మని సరిగ్గా చూడకుండానే కోసేసింది. నాన్నకి జరిగిందంతా చెప్పేసింది.

"పక్కింటి తివాచీ మీద డిజైన్ నచ్చితే మీ నాయనమ్మ ఏం చేస్తుంది?" అన్నాడు నాన్న.

"రొట్టె పట్టుకెళ్లి అడుగుతుంది."

"మరి?"

"ఫోన్‌లో రొట్టె ఎలా పంపను నాన్నా?"

"ముందు అడుగు తల్లీ. రొట్టె సంగతి తర్వాత."

ఇద్దరూ కూర్చుని, బొమ్మ గీసిన నురైలాకి మెసేజ్ పంపారు.

మర్నాడు సెజిమ్ తరగతి ముందు నిలబడింది. "ఈ బొమ్మ నాది కాదు. నురైలా అనే ఆవిడది. పేరు నేనే కోసేశాను."

"అబద్ధాలకోరు!" అన్నారెవరో. అసెల్ మొహం తిప్పుకుంది.

"ఆవిడ వద్దంటే జెండా లేకుండానే నడుద్దాం," అన్నారు టీచర్.

మధ్యాహ్నం నాన్న ఫోన్ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. టీచర్ పైకి చదివారు. "నా పేరు కోసినందుకు కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు తగ్గింది. వాడుకోండి. కానీ నా కుందేల్ని పెట్టాల్సిందే! డేగకన్నా దానికే ఎక్కువ కష్టపడ్డాను."

తరగతంతా హో అని కేకలు పెట్టింది.

"జెండాలో చోటెక్కడుంది?" అన్నాడొకడు.

"అతుకేద్దాం," అంది సెజిమ్. కుందేలు కత్తిరించింది, పేరు కుట్టింది, వేళ్లకి సూది గుచ్చుకున్నా ఆపలేదు. కాసేపటికి అసెల్ పక్కకి జరిగింది. "ఇలా తే. చెవులు నేను కుడతాలే."

నౌరూజ్ రోజు జెండా కర్ర అసెల్‌కి ఇచ్చేసింది సెజిమ్. బయటికి పొడుచుకొచ్చిన కొత్త మూల బరువుకి వేలాడుతోంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నడిచింది.

"డేగ భలే ఉందే! ఎవరు గీశారమ్మా?" అని అడిగాడు దారిలో ఒక తాత.

"నురైలా అక్క, తాతా! పేరు ఇదిగో!"

"కుందేల్ని! డేగ కుందేల్ని చూస్తోంది!" అని టీచర్ చంకలోంచి అరిచాడు తైలాక్.

వీధంతా చప్పట్లు మోగాయి. సెజిమ్ మునివేళ్ల మీద లేచి ఆ మూలని ఇంకా పైకెత్తింది.