కనకాంబరం నాటిన డబ్బా

ముక్తేశ్వరంలో ఆ ఉదయం దేవుడికి దీపం పెట్టి వచ్చి, భవానీదేవి ఎనిమిది నెలల మనవడికి డబ్బా ఉగ్గు కలిపింది. రాత్రి నుంచి వాడికి విరేచనాలు. రెండు చెంచాలు తిని మూతి తిప్పుకున్నాడు.

కోడలు సాయిదుర్గ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పెట్టకండి అత్తయ్యగారూ! ఈ ఉగ్గులో ఏవో క్రిములు ఉన్నాయంటండి. గవర్నమెంటువాళ్లు వెనక్కి తెప్పిస్తున్నారు. డబ్బా మీది నంబరు చివర ఎనిమిది ఉంటే పెట్టొద్దన్నారు. డబ్బా ఏదండీ?"

భవానీదేవి చేతిలో చెంచా ఆగిపోయింది. పొడి ఏనాడో స్టీలు డబ్బాలోకి మారింది. ఖాళీ రేకుడబ్బా అడుగున తనే మేకుతో చిల్లులు కొట్టి, కనకాంబరం నాటింది. నంబరు ఉండేది ఆ అడుగునే.

"ఏదీ పారెయ్యనివ్వరు! మీ పొదుపుకి నా బిడ్డే దొరికేడా?"

భవానీదేవి పెరట్లోకి నడిచింది. మొక్క పెరికి, మట్టి దులిపి, కుళాయి కింద కడిగింది. అంకెలన్నీ ఉన్నాయి. చివరి దాని ఎడమ సగం మాత్రం చిల్లులో పోయింది.

"మూడో, ఎనిమిదో!" అంది సాయిదుర్గ. ఆమె భుజం మీద పిల్లవాడు సోలిపోయి ఉన్నాడు.

భవానీదేవి డబ్బాలో చెయ్యి పెట్టి, లోపలికి మడతపడ్డ రేకును బొటనవేలితో బయటికి నెట్టింది. వేలు తెగింది. నెత్తురు కొంగుతో తుడిచి చూసింది.

"మూడేనమ్మా."

"అయినా భయంగానే ఉందండి. ఆసుపత్రికి వెళ్దాం."

"సరే, పద."

ఆటోలో అత్తగారి వేలికి గుడ్డ చుడుతూ సాయిదుర్గ తలెత్తలేకపోయింది.

"ప్రతిపూటా ముందు నేనో చెంచా తిన్నాకే వాడికి పెడుతున్నానే," అంది భవానీదేవి. "ఏదన్నా ఉంటే ముందు నాకే రావాలని."

"పెద్దవాళ్లకి అరిగింది పసివాడికి అరగదండీ..." అంటూనే సాయిదుర్గ ఏడ్చేసింది. "నోరు జారేను. క్షమించండి."

"ఊరుకో. పసిప్రాణం ఆ నంబరు మీదే ఆధారపడినప్పుడు, ఆ అంకెలు చీమ తలకాయంత వేస్తారేమిటే?"

సాయిదుర్గ కళ్లు తుడుచుకుని గుడ్డ ముడి వేసింది.

అమలాపురంలో డాక్టరు గారు చూసి, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసని, ప్రమాదమేమీ లేదని, ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్ఎస్ పట్టమని చెప్పి పంపేరు.

నాలుగో రోజున కొత్త డబ్బా వచ్చింది. భవానీదేవి మూత తీయకుండా కోడలికి అందించింది.

"ముందు నంబరు చదువమ్మా."

చదివింది. ఫోనులో రెండుసార్లు సరిచూసింది. ఉగ్గు కలిపాక అత్తగారు అలవాటుగా మొదటి చెంచా నోటి దగ్గరికి తీసుకోబోతే, సాయిదుర్గ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ నేను అత్తయ్యగారూ."