మొదటి బహుమతి ఇత్తడి బిందె

మైకు పనిచేయడం లేదనుకుని ఆడిన అబద్ధం అబద్ధం కిందికి వస్తుందా, రాదా? ఈ సందేహం నాకు పదకొండేళ్ళుగా ఉంది. ముగ్గురు పాస్టరుగార్లను అడిగాను. ఒకరు వస్తుందన్నారు. ఒకరు రాదన్నారు. మూడో ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, "యాంప్లిఫయర్ ఎన్ని వాట్లది బాబూ?" అని అడిగారు.

దేవుడికి వాట్లతో పని ఉంటుందని నేననుకోను. అయితే ఆ అబద్ధం వల్లే నాకు పెళ్ళయింది. అందుకని గట్టిగా పశ్చాత్తాపపడదామన్నా కుదరడం లేదు.

1996లో నేను నర్సీపట్నంలో సూరన్న టెంట్ హౌస్‌లో పనిచేసేవాణ్ణి. ఇంటర్ తప్పాను గానీ గొంతు బాగుండేది. గొలుగొండ రోడ్డులో, ఊరి చివర, కొత్తగా ఒక కాలనీ లేచింది. అక్కడ ఏం జరిగినా రిక్షాలో మైకు పెట్టుకుని వీధివీధీ తిరిగి చెప్పేది నేనే. చర్చిలో కూడికలైనా, రామభజనైనా, గేదెలకు టీకాలైనా అదే గొంతు, అదే ఊపు: "రండి! తరలి రండి!"

అవే కబుర్లు నీళ్ళ ట్యాంకు కింద నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేది కృపాజ్యోతి. ఆసుపత్రి కాంపౌండరు షాలేమ్‌రాజుగారి అమ్మాయి. టైపు హయ్యర్ పాసైంది, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. ఉన్న సంగతి కంటే ఒక్క అక్షరం ఎక్కువ రాసేది కాదు.

మా ఇద్దరికీ మొదటిసారి మాటలు కలిసింది ఉచిత కంటి శిబిరం రోజున. కలిసింది అనడం మర్యాద కోసం.

"మైకాయనా, ఇలాగ రండి," అని పిలిచింది. "కళ్ళద్దాలు కూడా ఊరికే ఇస్తారని ఎవరు సెప్పారండీ మీకు?"

"ఎవరూ సెప్పలేదండీ. ఊపులో వొచ్చీసింది."

"ఊపులోనా! గొలుగొండ నుంచి నలభై మంది ముసలోళ్ళు వొచ్చీసేరు. అద్దాలు ఇవ్వరని నేను బోర్డు మీద రాసేను కదా?"

"కళ్ళు కనబడకే కదండీ ఆళ్ళు శిబిరానికొచ్చేరు. మీ బోర్డెలాగ సదువుతారు?"

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును పెదాల దగ్గర ఆపి, మింగేసి, మళ్ళీ కోపంగా చూసింది. కానీ ఆ నవ్వు బయలుదేరడం నేను చూశాను. నా పని అక్కడితో అయిపోయింది.

"మీ నోటంట వొచ్చిన మాట ఒక్కటంటే ఒక్కటి నిజమైన రోజున నాతో మాటాడండి," అని వెళ్ళిపోయింది.

వాళ్ళ నాన్నగారైతే ఇంకో అడుగు ముందుకేశారు. "ఆ మైకోడు గుడ్ మార్నింగ్ అన్నా నేను గడియారం చూసుకుంటాను," అన్నారట.

నెలరోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేను మాత్రం రోజూ వెళ్ళి బోర్డు చదివేవాణ్ణి. నీళ్ళు ఆరింటికి వస్తాయని రాసి ఉంటే, ఆ మాట నాకోసమే రాసినట్టు నాలుగుసార్లు చదువుకునేవాణ్ణి.

ఒక గురువారం కాలనీ హాల్లో పాడైన మైకు బాగుచేస్తున్నాను. ఎదురుగా ఉన్న స్పీకరు పెట్టెలోంచి చప్పుడు లేదు. ముందురోజు సభ కోసం ట్యాంకు పైన కట్టిన హారన్‌కి వైరు ఇంకా తగిలించే ఉందని నాకు గుర్తులేదు. మైకు చచ్చిందనుకుని, మనసులో ఉన్న దిగులంతా దాంట్లోనే చెప్పుకున్నాను.

"హలో, మైక్ టెస్టింగ్. కాలనీ మహిళలారా! ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ట్యాంకు దగ్గర, మాట్లాడకుండా కూర్చునే పోటీ! ఎవరు ఎక్కువసేపు నోరు విప్పకుండా కూర్చుంటే వాళ్ళకు మొదటి బహుమతి ఇత్తడి బిందె! రండి! తరలి రండి!"

అలాంటి పోటీ ఉంటే కృపాజ్యోతికే ఫస్టొస్తుందనుకుని నిట్టూర్చాను. ఆ నిట్టూర్పు కూడా నాలుగూళ్ళకు వినబడిందని తర్వాత తెలిసింది.

బయటికొచ్చేసరికి ఆడవాళ్ళందరూ వాకిళ్ళలో ఉన్నారు. కాలనీ ప్రెసిడెంటు నారాయణమూర్తిగారు పంచె ఎగ్గట్టుకుని ఎదురొచ్చారు.

"పోటీ బాగుందయ్యా దయాకర్ బాబూ! నేనే పెట్టమన్నానని అందరికీ సెప్పీసేను."

"మీరెప్పుడు సెప్పారండీ?"

"ఇప్పుడే సెప్పేనంటున్నాను కదా!"

ఆయన వెనకాలే కృపాజ్యోతి, చేతిలో సుద్దముక్క.

"ఏటండీ ఇది? నిజమా, టెస్టింగా? బోర్డు మీద రాయాలి."

టెస్టింగ్ అనేస్తే అయిపోయేది. ప్రెసిడెంటుగారు నవ్వులపాలయ్యేవారు, సూరన్న నన్ను పనిలోంచి తీసేసేవాడు. అవి నేను పడగలను. కానీ నా నోటి మాట ఒక్కటైనా నిజమయ్యే రోజు మళ్ళీ ఎప్పుడొస్తుంది? ఆమె నాతో మాట్లాడే రోజు అదే కదా.

"నిజమేనండి."

"బిందె ఏదండీ?"

"వొస్తాదండీ."

ఆమె ఒక నిమిషం నన్ను చూసి, ట్యాంకు కింది బల్ల దగ్గరికెళ్ళి రాసింది: 'మొదటి బహుమతి ఇత్తడి బిందె అని చెబుతున్నారు.'

ఆదివారానికి ముప్ఫై ఇద్దరు పోటీదార్లు చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. చూడ్డానికి అంతకు పదింతలు వచ్చారు. ముందు వరసలో కృపాజ్యోతి, ఒడిలో సండే స్కూలు పలక. పోటీ నిజమో కాదో కూర్చునే తేల్చుకుంటానని పేరిచ్చింది.

ఆమె పక్కన కూరగాయల జోగులమ్మ. నెత్తిన తట్టతో మా కాలనీకి రోజూ వచ్చేది. ఆమె బేరం మొదలుపెడితే వంకాయలు తట్టలోనే ముదిరిపోయేవి. అంతటి మాటకారి ఆ రోజు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసి కూర్చుంది. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళు అలాగే కాలుస్తారు. అడ్డపొగ అంటాం.

"ఇది సెల్లుతాదా?" అని గంట కొట్టగానే అటుపక్కావిడ అడిగింది. అడిగినందుకు ఆవిడే ఔటయింది.

అంతకు ముందే నారాయణమూర్తిగారు మౌనం గొప్పతనం గురించి ముప్పావు గంట మాట్లాడారు. ఆయన కూర్చున్నాకే నేను గంట కొట్టాను. ఐదు నిమిషాలకు వాన మొదలైంది.

చూడ్డానికొచ్చిన వాళ్ళంతా అరుగులెక్కారు. పోటీదార్లు కదలరు. వానొస్తోందని చెప్పడానికి నోరు లేదు.

"ఓలమ్మో, నా వొడియాలు!" అని ఒకామె లేచింది.

"నీవి పోతే పోనాయి, నా పరుపు డాబా మీదున్నాది!" అని ఇంకొకామె.

"బేగి ఎల్లి నాదీ తియ్యే!" అని మూడో ఆమె.

పావుగంట తిరిగేసరికి మొత్తం ముప్ఫై మంది ఔట్. మిగిలింది కృపాజ్యోతి, జోగులమ్మ. వాన కుండపోతయింది. ఎవరి చుట్టయినా ఆరిపోవాల్సిందే. జోగులమ్మది ఆరదు, నిప్పు లోపలుంది. ముక్కులోంచి సన్నగా పొగ వస్తూనే ఉంది.

నా దగ్గర ఒకటే గొడుగు. అది యాంప్లిఫయర్ మీద ఉంది. కృపాజ్యోతి జడ చివర నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొడుగు తీసుకెళ్ళి ఆమె మీద పట్టాను. అరుగు మీంచి సూరన్న, "ఒరే, నా మెషీనురా!" అని అరిచాడు. మెషీను చుయ్యిమని చచ్చిపోయింది. ఈసారి నిజంగా చచ్చింది. అయినా వెనక్కి వెళ్ళి వైరు పీకేసి, ట్యాంకు మీది హారన్ వైపు ఒకసారి చూసుకుని వచ్చాను.

"జ్యోతిగారూ," అన్నాను చిన్నగా. "ఈ పోటీ ఎవరూ పెట్టలేదండీ. మైకు పోయిందనుకుని నోటికొచ్చింది సెప్పీసేను. బిందె కూడా లేదండీ. మీరు నాతో మాటాడ్డం లేదని దిగులుతో అన్నాను. నాకు మీరంటే ఇష్టమండీ. మీకు ఇష్టమైతే మీ నాన్నగారిని అడుగుతాను."

ఆమె నోరు విప్పలేదు. పోటీలో ఉంది కదా. పలక మీద గబగబా రాసి చూపించింది.

'నిజమా? టెస్టింగా?'

చూస్తుండగానే జల్లు కొట్టి పలక మీది అక్షరాలు కారిపోయాయి.

"పోటీ టెస్టింగండీ. బిందె టెస్టింగండీ. ఇది ఒక్కటే నిజం."

ఆమె నా చేతిలో గొడుగును చూసింది, చచ్చిన యాంప్లిఫయర్‌ను చూసింది. పెదాల దగ్గర ఆ పాత నవ్వు మళ్ళీ బయలుదేరింది. ఈసారి ఆపలేదు.

"ఆ ముక్క మొన్నే సెప్పొచ్చు కదండీ! ముద్దయిపోయేను!"

జోగులమ్మ రెండు చేతులూ పైకెత్తి లేచింది. నోట్లోంచి చుట్ట తీసి, పొగంతా ఒక్కసారిగా వదిలింది.

"గెలిసీసేను! బిందేది బాబూ?"

బిందె లేదు. కృపాజ్యోతి తడిసిన బట్టలతోనే వెళ్ళి నల్లబల్ల కింది మూల రాసింది: 'జోగులమ్మకు బిందె బాకీ.'

వారం తర్వాత షాలేమ్‌రాజుగారి ముందు నిలబడ్డాను. ఆయన చాలాసేపు ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి చూసి, నేనింకా ఉన్నానని నిట్టూర్చారు.

"పిల్లకి ఇష్టమంటోంది. ఇస్తాను. ఒక్క షరతు. నువ్వు మైకు ముట్టుకోకూడదు. జన్మలో."

"ముట్టుకోనండీ," అని మాటిచ్చాను.

పెళ్ళయ్యాక జిరాక్సు షాపు పెట్టాను. ఉన్నది ఉన్నట్టు తప్ప ఇంకోలా చూపించడం రాని యంత్రం కాబట్టి మామగారు సంతోషించారు.

మరుసటి ఏడాదే బిందె కొన్నాను. తీసుకెళ్ళి ఇస్తే జోగులమ్మ ముట్టుకోలేదు.

"సాటుగా ఇత్తావేటి బాబూ? దొంగసొమ్మా? నాలుగూళ్ళు ఇనేలాగ సెప్పినావు. నాలుగూళ్ళు ఇనేలాగ మైకులో పిలిసి ఇయ్యి."

"మైకు ముట్టుకోనని మామగారికి మాటిచ్చేనమ్మా."

"నాకూ ఇచ్చినావు కదేటి!"

"వేరేవాళ్ళ చేత పిలిపిస్తాను."

"సెప్పింది ఆళ్ళా?"

అలా పదేళ్ళు గడిచాయి. బిందె మా బీరువా మీద కూర్చుంది. కృపాజ్యోతి శనివారం శనివారం దాన్ని చింతపండుతో తోమేది. నల్లబల్ల మీద అన్నీ చెరిపి కొత్తవి రాసేది గానీ, ఆ మూల ఉన్న మాటను చెరపలేదు. వానకు పోతే మళ్ళీ రాసేది. కాలనీకి కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో అమ్మవారి మొక్కనుకునేవారు. నాకు మాత్రం అటు వెళ్ళినప్పుడల్లా తల దించుకోవాల్సి వచ్చేది. ఇద్దరికిచ్చిన మాటల మధ్య ఇరుక్కున్నవాడు ఏది తప్పితే తక్కువ పాపం? ఇది పాస్టరుగార్లను అడగలేదు. వాట్ల సంగతి వస్తుందని భయం.

2007లో కాలనీ వార్షికోత్సవం. బోర్డు మీద కృపాజ్యోతి రాసింది, నేను కరపత్రాలు జిరాక్సు తీసి పంచాను. జనం నిండిపోయారు. పాయకరావుపేట నుంచి రావాల్సిన అనౌన్సరు మాత్రం రాలేదు. నారాయణమూర్తిగారు తానే మాట్లాడతానని లేచారు. జనంలో సగం మంది కూడా లేచారు, ఇళ్ళకు వెళ్ళడానికి.

ముందు వరసలో జోగులమ్మ కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన మామగారు.

"కాంపౌండరుగారూ, రేపు ఎస్. రాయవరం ఎల్లిపోతన్నాను. నా కూతురు కాడుంటాను. మరి రాను," అందామె. "మీ అల్లుడి బిందె మీరే ఉంచీసుకోండి."

మామగారు కళ్ళు మూసుకున్నారు. తర్వాత కర్ర ఊతంతో లేచి స్టేజీ ఎక్కి, నారాయణమూర్తిగారి చేతిలోంచి మైకు తీసుకుని నా దగ్గరికొచ్చారు.

"ఏ నెలలోనయ్యా ఆ పోటీ?"

"సెప్టెంబరండీ."

"నాకు మాటిచ్చింది?"

"తర్వాత వారమండీ."

"అయితే ముందు మాట ఆమెది. నాది తర్వాత." మైకు నా చేతిలో పెట్టారు. "పట్టుకో. ఊపు మాత్రం వొద్దు."

వెనక్కి చూశాను. కృపాజ్యోతి కనబడలేదు. అప్పటికే ఇంటికి పరుగెత్తింది.

గొంతు సవరించుకున్నాను. పదకొండేళ్ళ తర్వాత నా గొంతు ట్యాంకు మీంచి నాకే వినబడింది.

"కాలనీ వాసులకు మనవి. 1996 సెప్టెంబరులో జరిగిన, మాట్లాడకుండా కూర్చునే పోటీలో మొదటి బహుమతి, ఇత్తడి బిందె. విజేత జోగులమ్మగారు. దయచేసి వేదిక మీదికి రావాలి."

ఈసారి ఊరికే ఇచ్చే కళ్ళద్దాలూ లేవు, అదనాలూ లేవు. కృపాజ్యోతి రొప్పుతూ బిందె తెచ్చింది.

జోగులమ్మ మెట్లెక్కింది. నోట్లో చుట్ట లేదు. బిందెను రెండు చేతులతో అందుకుని, వేలితో ఒకసారి మోగించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. అంత మాటకారికి ఆ రోజు ఒక్క మాట కూడా రాలేదు. కళ్ళు తుడుచుకుని, బిందె చంకనెత్తుకుని దిగిపోయింది.

మా ఆవిడ నేరుగా నల్లబల్ల దగ్గరికి నడిచింది. చీర కొంగు తడిపి, ఆ మూల ఉన్న అక్షరాలను ఒక్కొక్కటిగా తుడిచేసింది.