ఎర్ర చక్రాలు

రేకు కిర్రుమంటుంది!

నర్సప్ప ఊపిరి బిగపడతాడు. కార్ఖానా కప్పు మీద బల్లిలా అతుక్కుపోతాడు.

కింద కుక్క మొరుగుతుంది. ఒక్కసారే. మళ్ళీ ఆగిపోతుంది.

దీపాలు పెట్టే వేళ ఇప్పుడే దాటింది. ఇంకే రోజైనా అయితే ఈ కప్పు మొత్తం కూలినా ఎవరికీ వినపడదు. భవాని పేట్‌లో మరమగ్గాల మోత అలాంటిది. చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినపడదు.

కానీ ఈ రోజు ఖండేనవమి. మగ్గాలకు పూజ. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పూజ చేసిన పనిముట్టును దసరా తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోరు. ఒక్క మగ్గమూ ఆడదు. పేట్ పేటంతా నోరు మూసుకుని కూర్చుంది.

దొంగతనంగా దూరడానికి ఇంతకంటే దరిద్రపు రోజు ఇంకోటి లేదు.

అయినా దూరాలి. ఇప్పుడే దూరాలి. తెల్లారితే పోచయ్య పని అయిపోయినట్టే.

పోచయ్య... నర్సప్ప చెల్లెలు అంజమ్మ మొగుడు. టాక్సీ డ్రైవర్. తెల్ల అంబాసిడర్, దానికి ఎర్ర చక్రాలు. మోజుపడి వేయించుకున్నాడు. సోలాపూర్ మొత్తంలో ఎర్ర చక్రాల అంబాసిడర్ అదొక్కటే.

ఈ రోజు పొద్దున్నే, మగ్గం కార్మికుల యూనియన్ లీడర్ పెంటప్ప సందు దాటుతుంటే ఒక కారు గుద్దేసింది. గుద్ది ఆగలేదు. వెనక్కొచ్చి మళ్ళీ ఎక్కించింది! నల్లా దగ్గర నీళ్ళకు నిలబడ్డ ఆడవాళ్ళంతా చూశారు. నంబర్ ప్లేటు నిండా బురద. లోపల ఎవరున్నారో కనిపించలేదు. కానీ ఒక్క సంగతి అందరూ ఒకేలా చెప్పారు.

తెల్ల అంబాసిడర్. ఎర్ర చక్రాలు.

ఎండ ఎక్కకముందే పోచయ్య లాకప్‌లో ఉన్నాడు. నేను కాదంటే ఎవడు వింటాడు? లాఠీ వింటుందా?

నర్సప్ప ఒక్కడే నమ్మాడు. ఎందుకంటే ఊళ్ళో ఇంకో ఎర్ర చక్రాల అంబాసిడర్ ఉందని అతనికి ఒక్కడికే తెలుసు.

దానికి ఆ రంగు కొట్టింది అతనే!

జోడ్‌భావి పేట్‌లో నర్సప్పది చిన్న గ్యారేజీ. బట్టల ప్రింటింగ్‌కు వాడే రబ్బరు పాలలో రంగు కలిపి, స్ప్రే గన్‌తో చక్రాలకు కొడతాడు. పలచగా, పొర మీద పొర. ఆరితే చక్రానికి తోలులా పట్టుకుంటుంది. పనయ్యాక గోటితో అంచు లేపి లాగితే మొత్తం ఊడొస్తుంది. కింద అసలు రంగు మీద గీత కూడా పడదు. నూలుకు గంజి పెట్టి, నేశాక ఉతికేస్తారు కదా, అలాగే. పెళ్ళిళ్ళ రోజుల్లో దానికి మంచి గిరాకీ.

మొన్న ఈ కార్ఖానా యజమాని రాజారాం సేఠ్ డ్రైవర్ తెల్ల కారు తెచ్చి వదిలాడు. సేఠ్ మేనకోడలి పెళ్ళట. చక్రాలు ఎర్రగా కావాలట. నవరాత్రుల్లో పెళ్ళేమిటని ఒక్క మాట అడిగితే నర్సప్ప సొమ్మేం పోయేది? అడగలేదు. ఇప్పుడు తల కొట్టుకుంటున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మానే మధ్యాహ్నం ముఖం మీదే చెప్పాడు. సేఠ్ గేటు ఊరికే తట్టలేను. ముందు నువ్వు కళ్ళతో చూడు. చక్రం మీద రంగు ఉందంటే వస్తా. చూపిస్తే నీ బావను వదులుతా. లేదంటే నా టైమ్ తినకు.

బళ్ళకూ ఈ రోజే పూజ కాబట్టి, తెల్లారేదాకా ఆ రంగు చక్రాల మీదే ఉండాలి. సేఠ్ పీకేసి ఉంటే... అంతే.

నర్సప్ప రేకుల సందులోంచి కాళ్ళు దించుతాడు. దూలం పట్టుకుని వేలాడతాడు. వదిలేస్తాడు.

ధబ్!

"కోన్ హై రే?" గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ గొంతు.

టార్చి వెలుగు లోపలికి దూసుకొస్తుంది. నర్సప్ప మగ్గం కింద దూరతాడు. వెలుగు తల పైనుంచి పోతుంది. అడుగులు దగ్గరవుతున్నాయి... ఇంకా దగ్గర... అతని మోచేతికి ఏదో చల్లగా తగులుతుంది. ఇత్తడి పళ్ళెం. దాని మీద కొబ్బరికాయ దొర్లుతోంది!

రెండు చేతులతో పట్టేస్తాడు.

"సాలీ పిల్లి," అని గొణుక్కుంటూ వాచ్‌మన్ వెళ్ళిపోతాడు.

నర్సప్ప మోకాళ్ళ మీద పాకుతాడు. మగ్గాల వరుస చివర, అఖండ దీపం పక్కన, టార్పాలిన్ కప్పిన కారు. అంచు పైకి లేపుతాడు.

ఎరుపు!

చక్రం నడిబొడ్డున పసుపు, కుంకుమ. చుట్టూ తను కొట్టిన రంగు. గోటితో గీరి చూస్తాడు. అంచు సాగి లేస్తుంది. ఇదే. ముమ్మాటికీ ఇదే!

ఏడుపొచ్చేస్తుంది. మింగేస్తాడు. కిటికీలోంచి చిన్న రాయి బయటికి విసురుతాడు. గోడ అవతల అంజమ్మ కాచుకుని ఉంది. ఆమె చెప్పుల చప్పుడు పోలీస్ స్టేషన్ వైపు దూరమైపోతుంది. ఇక మానే వచ్చేదాకా ఇక్కడ నక్కి ఉంటే చాలు.

టక్!

ట్యూబ్‌లైట్లు వెలుగుతాయి.

"లే నర్సప్పా, లే. నీకే కబురు పంపుదామనుకుంటున్న. నువ్వే వచ్చినవ్."

రాజారాం సేఠ్. తెల్ల పైజామా, నుదుట బొట్టు. చేతిలో రివాల్వర్.

నర్సప్ప లేస్తాడు.

"పొద్దుగాల కారు లోపలికి తెస్తుంటే మా అమ్మ పళ్ళెం పట్టుకొని గేటుకాడనే ఉన్నది," అంటాడు రాజారాం. "దిగుడే ఆలస్యం, బొట్టు పెట్టేసింది. ఇగ ముట్టొద్దన్నది. దినమంత ఈడనే కూసున్నది. పొద్దుగూకినంకనే గుడికి పోయింది. నేను గుంజి చూసిన. ముక్కలు ముక్కలు వస్తున్నది. నువ్వైతే సాఫ్‌గ తీస్తవ్. తియ్యి."

"సేఠ్... పెంటప్ప నీకేం చేసిండు?"

"నా మగ్గాలు బంద్ పెట్టిస్తనన్నడు. బస్. ముచ్చట బంద్ చేసి పని చెయ్యి."

రివాల్వర్ మొన చెవి వెనక ఆనుతుంది. చల్లగా ఉంది.

నర్సప్ప మొదటి చక్రం ముందు కూర్చుంటాడు. గోటితో అంచు లేపుతాడు. లాగుతాడు. నెమ్మదిగా లాగుతాడు. ఎంత నెమ్మదిగా అయితే అంత మంచిది. మానే రావాలి... మానే రావాలి...

"జల్దీ!"

ఎర్ర తోలు ఊడొస్తుంది. కింద చక్రం వెండిలా మెరుస్తుంది. బొట్టు కూడా రంగుతో పాటే పోయింది.

రెండోది. తన చేతులతో తనే చెల్లెలి పసుపు కుంకుమలు తుడిచేస్తున్నట్టుంది. కళ్ళు మసకబారుతున్నాయి. ఛీ, ఏం బతుకు ఇది!

మూడోది.

అప్పుడు గుర్తొస్తుంది.

చేతులు ఆగిపోబోతాయి. ఆగనివ్వడు.

గ్యారేజీలో అతను కొట్టింది నాలుగు కాదు. ఐదు! ఎప్పుడూ ఐదే కొడతాడు. ఊరేగింపు మధ్యలో పంక్చరైతే, మూడు ఎర్రవి, ఒకటి తెల్లది పెట్టుకుని పెళ్ళికొడుకు ఎలా పోతాడు? అందుకే అడగకపోయినా స్టెప్నీకి కూడా కొట్టేస్తాడు. ఎవరికీ చెప్పడు. అది అతని అలవాటు.

స్టెప్నీ డిక్కీలో ఉంది. సేఠ్‌కు తెలియదు!

డిక్కీ వైపు చూడకూడదు. చస్తే చూడకూడదు. నర్సప్ప తల వంచి నాలుగో చక్రం లాగుతాడు. చెమట కళ్ళలోకి కారుతోంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది సేఠ్."

రాజారాం కారు చుట్టూ తిరుగుతాడు. వంగి చూస్తాడు. డిక్కీ దగ్గర ఆగుతాడు...

నర్సప్ప తల ఎత్తకుండా ఎర్ర తోళ్ళు పోగు చేస్తాడు.

రాజారాం డిక్కీ మీద రాలిన బంతిపూల రేకను చేత్తో దులుపుతాడు. ముందుకొస్తాడు. వాచ్‌మన్‌ను పిలుస్తాడు. వాడు ఎర్ర తోళ్ళన్నీ సంచిలో కుక్కుకుని వెనక గేటు నుంచి పోతాడు.

ధన్ ధన్ ధన్! ముందు గేటు మోగుతుంది.

"పోలీస్! దర్వాజా ఖోలో!"

రాజారాం రివాల్వర్ లాల్చీ జేబులో పెట్టుకుంటాడు. చెయ్యి బయటికి తియ్యడు. నర్సప్ప చెవి దగ్గరికి వంగుతాడు.

"నోరు తెరిస్తే మొదట నీ చెల్లెను కాలుస్త. తర్వాతనే నిన్ను."

తలుపు తెరుచుకుంటుంది. మానే, ఇద్దరు కానిస్టేబుళ్ళు. వాళ్ళ వెనక అంజమ్మ. జుట్టు రేగిపోయి ఉంది. మనిషి రొప్పుతోంది.

మానే నేరుగా కారు దగ్గరికి వస్తాడు. ఒక చక్రం చూస్తాడు. ఇంకోటి చూస్తాడు. ముఖం మాడిపోతుంది.

"కాయ్ రే నర్సప్పా, ఏది నీ ఎర్ర రంగు?"

నర్సప్ప తల దించుకుంటాడు.

"దొంగతనానికి వచ్చిండు సార్," అంటాడు రాజారాం. "పండగ పూట కంప్లెయింట్ ఎందుకని ఊకున్న."

"అన్నా..." అంజమ్మ ముందుకొస్తుంది. "చూసిననని రాయి విసిరినవ్ గద? చెప్పవేందన్నా? చెప్పు!"

నర్సప్ప చెల్లెలి ముఖం చూస్తాడు. రాజారాం జేబు చూస్తాడు. జేబులోని చెయ్యి చెల్లెలి వైపే తిరిగి ఉంది. ఒక్క మాట. డిక్కీ. ఆ ఒక్క మాటంటే పోచయ్య బయటికొస్తాడు... కానీ వచ్చేసరికి అంజమ్మ ఉండదు.



"లేదు," అంటాడు చివరికి. "రంగు లేదు."

అంజమ్మ అక్కడే కూలబడిపోతుంది. మానే ఫెళ్ళున నర్సప్ప చెంప పగలగొడతాడు. కానిస్టేబుల్ బేడీలు వేస్తాడు. "చల్!"

బయటికి రెండడుగులు వేస్తారో లేదో... గుమ్మంలో ఒక ముసలావిడ అడ్డంగా నిలబడి ఉంది. తొమ్మిది గజాల చీర, చేతిలో కుంకుమ పళ్ళెం. యమునాబాయి. రాజారాం తల్లి. గుడి నుంచి ఇప్పుడే వచ్చింది.

ఆమె పోలీసులను చూడదు. కారునే చూస్తుంది.

"ఎవడ్రా నా గాడిని ముట్టింది?"

"అమ్మా, నువ్వు లోపలికి నడువు."

"పూజ చేసిన గాడిని ముడ్తరా? బొట్టేమాయె?" ఆమె చక్రం దగ్గరికి వంగుతుంది. "రంగేమాయె? పొద్దుగాల ఎర్రగ మెరుస్తుండె గద!"

మానే ఆగుతాడు. కానిస్టేబుల్ ఆగుతాడు.

రాజారాం నవ్వేస్తాడు. "మోతిబిందు సార్. అమ్మకు కండ్లు కనబడయ్. ఏందో చూస్తది, ఏందో చెప్తది."

"ఎవలికి కనబడయ్?" యమునాబాయి గొంతు లేస్తుంది. "బీడీలు చుట్టి చుట్టి నిన్ను సాదిన కండ్లివి. నాకు కనబడదంటవా? నాలుగు చక్రాలే గాదు, లోపల పెట్టినదానికి గూడ నేనే బొట్టు పెట్టిన. రా, చూపిస్త!"

ఖండేనవమి నాడు ఇంటి తాళాలన్నీ ఆమె నడుముకే ఉంటాయి. గుత్తి లాగుతుంది.

"అమ్మా, వద్దు!"

తాళంచెవి తిరుగుతుంది. డిక్కీ లేస్తుంది.

లోపల స్టెప్నీ. ఎర్రగా, నిగనిగలాడుతూ. దాని నడిబొడ్డున పసుపు, కుంకుమ.

"చూడు. కనబడుతున్నదా ఇప్పుడు?" అంటుంది యమునాబాయి కొడుకుతో.

మానే డిక్కీలోకి వంగుతాడు.

రాజారాం ముందు తేరుకుంటాడు. "అది ఒక్కటే ఎర్రది సార్. సెకండ్‌హ్యాండ్‌ల కొన్న. అమ్మ దాన్ని చూసి నాలుగూ ఎర్రయే అనుకున్నది."

మానే అతన్ని పట్టించుకోడు. ముసలావిడ ముందుకొచ్చి నిలబడతాడు. "ఆజీ, బాగా యాది చేసుకుని చెప్పు. పొద్దున ఇది ఒక్కటే ఎర్రగా ఉందా? అన్నీనా?"

"ఒక్కటే గదమ్మా," అంటాడు రాజారాం. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "చెప్పమ్మా. ఒక్కటే గద."

యమునాబాయి కొడుకు వైపు తిరుగుతుంది. గుడిలో అంతా పెంటప్ప ముచ్చటే. తెల్ల కారట, ఎర్ర చక్రాలట, రెండుసార్లు ఎక్కించిందట. పెంటప్ప పెళ్ళాం గుడి మెట్ల మీద పడి పొర్లి ఏడ్చింది. ఆమెను పట్టుకుని ఓదార్చింది యమునాబాయే.

ఆమె నేల మీద కూర్చున్న అంజమ్మను చూస్తుంది. బేడీల్లో ఉన్న నర్సప్పను చూస్తుంది. మళ్ళీ కొడుకును చూస్తుంది.

"ఐదూ ఎర్రగనే ఉండె సార్," అంటుంది.

"అమ్మా!"

రాజారాం జేబులోంచి చెయ్యి బయటికొస్తుంది. రివాల్వర్ మొన అంజమ్మ వైపు లేస్తుంది. నర్సప్ప బేడీలతోనే అడ్డంగా దూకుతాడు...

ధన్!

నర్సప్ప నేల మీద పడతాడు. ఒళ్ళంతా తడుముకుంటాడు. రక్తం లేదు. తలెత్తి చూస్తాడు. మానే చేతిలో పిస్టల్ పొగ కక్కుతోంది. రాజారాం మణికట్టు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. యమునాబాయి పళ్ళెం కింద పెట్టి, చీర చెంగు చింపి, కొడుకు చేతికి కట్టు కడుతోంది.

"వైర్‌లెస్‌లో చెప్పు," అంటాడు మానే కానిస్టేబుల్‌తో. "పోచయ్యను వదిలేయమను."

నర్సప్ప చెల్లెలి కోసం వెతుక్కుంటాడు. అంజమ్మ అక్కడ లేదు. గేటు బార్లా తెరిచి ఉంది. చప్పుడు లేని సందులో ఆమె పరుగెడుతున్న అడుగులు స్టేషన్ దాకా వినపడుతూనే ఉన్నాయి.