సూచీకీ ఫండుకీ మధ్య

శకుంతల చాయ్ గ్లాసులు తెచ్చేసరికి అన్న సాంబయ్య పేపరు మడిచి తమ్ముడు పాండురంగం ముందు పడేశాడు.

"చదువు. రెండేండ్లల్ల షేర్ల సూచీ నూటికి యాభై పెరిగింది. నువ్వు శకుంతల పైసలు పెట్టిన ఫండు ముప్పై ఎనిమిదే పెరిగిందేంది?"

శకుంతల భర్త పోయాక వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బు అది. బ్యాంకులో పనిచేసే పాండురంగమే, పెద్ద కంపెనీల షేర్లు కొనే బొంబాయి ఫండులో పెట్టించాడు.

"సూచీ ఉత్త అంకె అన్నా. దానికి ఖర్సుల్లేవు. ఫండు నిజంగ షేర్లు కొనాలె, దలాలీ కట్టాలె, జీతాలియ్యాలె, వాపసు అడిగెటోళ్లకు నగదు ఉంచుకోవాలె. అందుకే జర ఎన్కవడ్తది."

"ఆ ఎన్కవడ్డదంతా నీ పెండ్లాం మెడల మెరుస్తాంది!"

"ఇది మా అమ్మ పెట్టిన గొలుసు బావా," అంది పాండురంగం భార్య కమల.

శకుంతలకు ఎవరి మాటా చెవికెక్కలేదు. ఉన్న ఒక్క ఆధారాన్నీ తమ్ముడు తినేశాడన్న మంటే. లోపల ఆడుకుంటున్న తమ్ముడి కూతురు స్వరూపను రెక్క పట్టి లాక్కొచ్చింది.

"తినకపోతే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్."

పాండురంగం లేచి అడ్డం వచ్చాడు. "అక్కా, పసిపిల్ల జోలికెందుకు?"

"భయమైతాందా?"

అతను చెయ్యి పెట్టాడు. "నేనొక్క రూపాయి తినలే."

"అబద్ధమైతే గీ పిల్లే పోతది, సూస్కో," అన్నాడు సాంబయ్య, పిల్ల వింటుండగానే.

మధ్యాహ్నానికల్లా పాండురంగం ఆ ఉమ్మడి ఇల్లు వదిలి, భార్యాబిడ్డలతో హన్మకొండలో కిరాయి గదికి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

వారం తిరక్కముందే ఒకరోజు శకుంతల అన్నం క్యారియర్‌తో ఎనుమాముల మార్కెట్లో సాంబయ్య మిర్చి దుకాణానికి వెళ్లింది. ఉప్పలయ్య అనే రైతు చేతిలో నోట్లు పట్టుకుని నిలబడ్డాడు.

"సేటూ, బోర్డు మీద రేటు గంతుంటే నా చేతికి గింతేనా?"

సాంబయ్య విసుక్కున్నాడు. "బోర్డుకు ఖర్సులుంటయా? కమీషన్, హమాలీ, తరుగు పోవద్దా? నేనేమన్న తిన్ననా?"

శకుంతల క్యారియర్ బల్ల మీద పెట్టేసింది. "అన్నా, తమ్ముడు గూడ గదే చెప్పిండు గదా!"

సాంబయ్య లెక్కల పుస్తకం తెరిచి పేజీలు తిప్పసాగాడు. ఆమె క్యారియర్ అక్కడే వదిలేసి హన్మకొండ బస్సెక్కింది.

కమల తలుపు తీసింది గానీ, గుమ్మంలోంచి కదల్లేదు. "ఇంకేం ఒట్లు మిగిలినయ్ వదినా?"

"తప్పైంది కమలా. తమ్మీ, నా కండ్లు మూసుకపోయినయ్..."

"అక్కను లోపలికి రానియ్," అన్నాడు పాండురంగం నెమ్మదిగా.

తల్లి చీర వెనక నుంచి స్వరూప తొంగి చూసింది. ఒట్టు వేసిన రోజు నుంచీ ఆ పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు.

"అత్తా, నాయిన నిజమే చెప్పిండు గదా? నేను సచ్చిపోను గదా?"

శకుంతల గడప మీదే కూలబడిపోయింది. "నిజమే చెప్పిండు బిడ్డా! అబద్ధమాడింది మేమే," అంటూ పిల్లను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.